రేణుక తల, మాతంగి దేహం



ఈ పూట ఒక్క తల్లి గురించే మాట్లాడతాను. పురాణాల్లో రేణుకాదేవి, మన ఊళ్లలో ఎల్లమ్మ.

మహాభారతం అరణ్యపర్వంలో ఆమె కథ కొద్ది శ్లోకాల్లో అయిపోతుంది. స్నానానికి వెళ్లిన రేణుక, భార్యలతో జలక్రీడలాడుతున్న చిత్రరథుడనే రాజును చూసింది. మనసు చలించింది. భర్త జమదగ్ని ముని కనిపెట్టి, తల్లిని చంపమని కొడుకులను ఆజ్ఞాపించాడు. పెద్దవాళ్లు నలుగురూ ఆ పనికి పూనుకోలేక తండ్రి శాపానికి గురయ్యారు. చిన్నవాడు పరశురాముడు గొడ్డలి ఎత్తాడు. మెచ్చిన తండ్రి వరాలు కోరుకోమంటే తల్లి బతకాలన్నాడు, తనకు పాపం అంటకూడదన్నాడు, తనను చంపిన సంగతి తల్లికి గుర్తుండకూడదనీ అడిగాడు. ఎన్నిసార్లు చదివినా ఆ మరుపు వరం దగ్గరే నా మనసు ఆగిపోతుంది. బతికి లేచిన తల్లికి తన చావు మీద మాట్లాడే వీలే లేకుండా పోయింది. కథ ఆమెను అక్కడే వదిలి కార్తవీర్యుడి మీదికి మళ్లుతుంది.

మన కథకులు ఆమెను వదల్లేదు. వాళ్ల రేణుక రోజూ ఇసుకతో కుండ చేసి, పామును చుట్టకుదురుగా తలమీద పెట్టుకుని నీళ్లు తెచ్చే ఇల్లాలు. మనసు చలించిన రోజున ఇసుక కుండగా నిలవదు. కొడుకు గొడ్డలి పట్టుకుని తరిమితే ఆమె పరుగెత్తి మాదిగవాడలో దూరుతుంది. అడ్డం వచ్చిన ఆ వాడ స్త్రీ మాతంగి తల కూడా తెగిపడుతుంది. మళ్లీ ప్రాణం పోసేటప్పుడు తలలు మారిపోతాయి. రేణుక తల మాతంగి దేహం మీద నిలుస్తుంది, మాతంగి తల రేణుక దేహం మీద. చెప్పేవారిని బట్టి వివరాలు మారుతుంటాయి గానీ, ఆ తలల మార్పిడే ఈ కథకు ఆయువుపట్టు. భారతంలో కొడుకు కోరిన మరుపు ఇక్కడ చెల్లదు. ఏం జరిగిందో ఆ దేహమే చెబుతుంది. పైగా ఆశ్రమమూ వాడా ఇక విడదీయరానివిగా ఆ తల్లిలో కలిసిపోయాయి.

ఈ కథను పురాణానికి పాఠాంతరమని, అపభ్రంశమని రాయడం మన వ్యాసాల్లో ఇంకా పోలేదు. నేను ఒప్పుకోను. పురాణం దాటేసిన ప్రశ్నను పట్టుకుని ఆలోచించినవాళ్లు స్వతంత్ర కవులు. మధ్యాహ్నం ఇక్కడ ఎల్లమ్మ కథ చెప్పడానికి వచ్చిన బైండ్ల కళాకారుల చేతిలోని జమిడిక వాద్యాన్ని దగ్గరగా చూడండి. ఒక వైపు తోలు మూసిన గుల్ల, ఆ తోలు నడుమ నుంచి సాగే నరం. నరాన్ని లాగి మీటుతుంటే బిగువును బట్టి నాదం పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. తల్లి పరుగు, కొడుకు తరమడం ఆ బిగువులోనే వినిపిస్తాయి. కథాసారాంశం అచ్చు వేసుకుని సాహిత్యం సేకరించామనుకుంటే ఇదంతా జారిపోతుంది. ఒంగోలు ప్రాంతపు మాదిగల కథలను ఎమ్మా రాషెన్‌బుష్ క్లఫ్ 1899లోనే ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చారు. కథకుడి గొంతు, నుడికారం చెడకుండా తెలుగులో తేవలసిన బాధ్యత మనది.

ఇంకో మాట చెప్పకపోతే ఈ తల్లి గురించి మాట్లాడే అర్హత నాకు ఉండదు. మాతంగి దేహానికి మొక్కిన ఊళ్లే, ఎల్లమ్మ పేరు చెప్పి దళితవాడల ఆడపిల్లలను జోగినులుగా విడిచి, వాళ్ల దేహాలను ఊరుమ్మడి చేశాయి. 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి ఆ దురాచారాన్ని నిషేధించింది. దీన్ని సంస్కృతి అని సమర్థించే వ్యాసం ఏ సదస్సుకు వచ్చినా నిలదీయండి. జోగినులుగా బతికిన స్త్రీలు ఈ కథను ఎలా చెబుతారో, ఎక్కడ ఆగుతారో, ఎవరిని నిందిస్తారో రాసుకోవడం ఇప్పటికైనా మన పనిలో ముందుండాలి. ఆ పాఠం లేని ఎల్లమ్మ కథా సంపుటాన్ని నేను సమగ్రం అనలేను.

చివరగా ఈ సదస్సు కార్యదర్శిగారికి ఒక విన్నపం. రంగుల ముగ్గుతో పట్నం వేసి బైండ్లవారు రాత్రంతా చెప్పే కథకు కార్యక్రమ పత్రంలో నలభై నిమిషాలే ఉంది. సాయంత్రం నా ముగింపు ప్రసంగానికి కేటాయించిన సమయం కూడా కథకులకే ఇవ్వండి. వాళ్లు చెప్పినదాన్ని, చెప్పినవాళ్ల పేర్లు మొదట వేసి, సదస్సు సంచికలో పూర్తిగా అచ్చు వేద్దాం.