పసిబిడ్డతో చెలిమి



హైదరాబాదులో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు అను పేటలు ఒకదాని నొకటి ఆనుకొని యున్నవి. జిల్లాల నుండి చదువునకును ఉద్యోగమునకును పోయిన వారెందరో ఆ పేటలలో అద్దె యిండ్ల నుందురు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయము పోటీ పరీక్షలకు చదువుకొను యువకులతో నిండియుండును. అట్లు చదివి, ఉద్యోగము సంపాదించి, పెండ్లియై, ఆ ప్రాంతముననే నిలిచిపోయినవారి యిండ్లలో ఉయ్యాలలు కట్టుచున్నారు. ఎన్ని పరీక్షలు గెలిచిన తండ్రియైనను ఆ ఉయ్యాల చెంత ఏమి చేయవలెనో తోచక నిలుచుండిపోవును.

దీనికొక కారణము కలదు. తొలి కానుపు పుట్టింట జరుగుట తెలుగునాట ఆచారము. తల్లీబిడ్డలు మూడవ నెలలోనో, అయిదవ నెలలోనో అత్తవారింటికి వత్తురు. బాలింతకు విశ్రాంతి, వేళకు భోజనము, పెద్దల తోడు లభించును గనుక ఆచారము మంచిదే. కాని ఆ నెలలలో తండ్రి చుట్టపుచూపుగా వచ్చి పోవును. ఆదివారమునాడు బస్సు దిగి, ఉయ్యాలలోనికి తొంగిచూచి, మరల బస్సెక్కును. బిడ్డ అశోక్‌నగరు చేరిన నాడు అతని చేతికిచ్చినంతనే గుక్కపెట్టి ఏడ్చును. కన్నబిడ్డకే కొత్తవాడైనందుకు అతడు చిన్నబోవును.

తల్లి కష్టము వేరు. కానుపు నగరమున జరిగినచో అమ్మమ్మ ఊరినుండి వచ్చి నెలయో, రెండు నెలలో ఉండి వెడలిపోవును. పిమ్మట ఉదయము మొదలు సాయంకాలము వరకు మూడవ అంతస్తులో తల్లియు బిడ్డయు మాత్రమే మిగులుదురు. నిద్ర చాలదు. బిడ్డను చూచినంతనే పొంగి రావలసిన ప్రేమ తనకేల రాలేదని కొందరు తల్లులు లోలోపల కుములుదురు. ఆ మాట పైకి చెప్పుకొనుటకు సిగ్గుపడుదురు. సిగ్గుపడవలసినది ఏమియు లేదు. మమత కొందరికి తొలి చూపులోనే కలుగును. పెక్కుమందికి ఎత్తుకొనగా, కడుగగా, జోకొట్టగా దినదినము కూడుకొనును. అది రక్తములో మాత్రమే ఉన్నచో తండ్రికి కొత్త ఉండెడిది కాదు, పెంచిన తల్లికి ప్రేమ ఉండెడిది కాదు.

అప్పుడే పుట్టిన బిడ్డకు స్పష్టముగా కనుపించు దూరము ఎనిమిది మొదలు పండ్రెండు అంగుళములు, అనగా జానెడుకు కొంచెము ఇటు అటు. పాలు త్రాగు బిడ్డకు తల్లి ముఖము ఇంచుమించు అంత దూరముననే యుండును. చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా 2020 నుండి మెట్రో రైలు పోవుచున్నది. నెల బిడ్డను మేడపైకి ఎత్తుకొనిపోయి ఆ రైలును చూపు తండ్రి తొందరపడుచున్నాడు. బిడ్డకు ఆ వేళ లోకమంతయు అతని ముఖమే. ఆ ముఖమును జానెడు దూరమునకు తెచ్చి, మెల్లగా నోరు తెరచి, కనుబొమలెత్తి, చిరునవ్వు నవ్వినచో అదియే ఆట. బిడ్డ తిరిగి నవ్వుటకు ఆరు మొదలు ఎనిమిది వారములు పట్టును. అందాక ఓపిక పట్టవలెను.

గొంతుతో పరిచయము గర్భమునందే కలుగును. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అను పరిశోధకులు మూడు దినములైన నిండని శిశువులు ఇతర స్త్రీల గొంతుకంటె తల్లి గొంతునే కోరుదురని చూపిరి. కావున బిడ్డతో ఏమి మాటలాడవలెనను చింత అనవసరము. బియ్యము కడుగుచు, బట్టలు మడచుచు చేయుచున్న పనినే చెప్పవచ్చును. బిడ్డ "ఊ" అన్నప్పుడు "ఊ" అని బదులు పలికి, మరల దాని వంతు వచ్చువరకు ఆగవలెను. ఈ ఆగుటయే పెద్దలకు కష్టము. 1970 ప్రాంతపు దశాబ్దిలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అను శాస్త్రజ్ఞుడు తల్లులను కొద్ది నిమిషములు కదలిక లేని ముఖముతో బిడ్డ యెదుట కూర్చుండుమనెను. బిడ్డలు నవ్వి, చేతులాడించి, తల్లిని పిలువజూచి, తుదకు మొగము త్రిప్పుకొనిరి. చేతిలోని ఫోనును చూచు ముఖము బిడ్డకెట్లు తోచునో దీనినిబట్టి ఊహింపవచ్చును. ఒంటరి తల్లికి ఆ ఫోనే తోడన్నది నిజమే. పాలిచ్చు వేళనైన దానిని ప్రక్కన పెట్టిన చాలును.

ఏ భాషలో మాటలాడవలెనని నగరములో ఇప్పుడు సందేహము పుట్టినది. ఇంగ్లీషు మాటలు నెల బిడ్డకే నేర్పువారు కలరు. నిజాము రాజ్యమున 1928లో మాడపాటి హనుమంతరావుగారు బాలికలు తెలుగులో చదువుకొనుటకు పాఠశాల నెలకొల్పినది ఆ నారాయణగూడలోనే. తల్లికి అలవోకగా వచ్చు భాషయే బిడ్డకు తగిన భాష. ఆమెది ఉర్దూయైన ఉర్దూ, తెలుగైన తెలుగు. జోలపాటకు కంఠ మాధుర్యము అక్కరలేదు. ఒకే పాటను ప్రతి రాత్రియు పాడినచో బిడ్డకు నిద్రవేళ తెలియును.

స్నానమును గూర్చి పెద్దల వద్ద నేర్చుకొనవలసినది చాల కలదు. కాళ్లు చాచుకొని, బిడ్డను వానిపై పరుండబెట్టి, నూనె రాచుచు చేయి, కాలు, బొజ్జ అని పేరు పేరున పలుకు అమ్మమ్మ ఏ గ్రంథమును చదువలేదు. స్పర్శ, చూపు, మాట ఆ అరగంటలో కలిసియుండును. కాని ముక్కులోను చెవిలోను నూనె పోయుట, సాంబ్రాణి పొగలో బిడ్డను పట్టుట మానవలెను. పైకెగురవేయుట, కుదిపి ఊపుట ప్రమాదము. మేలుకొనియున్నప్పుడు తండ్రి రొమ్ముపై కొంతసేపు బోర్లపరుండబెట్టిన మెడకు బలము వచ్చును, గుండె చప్పుడును వినబడును. నిద్ర మాత్రము వెల్లకిలనే. చప్పట్లు, దోబూచి ఆరవ నెల సమీపించిన కొలది రుచించును. బిడ్డ మొగము త్రిప్పినను, ఆవులించినను, చాలునని చెప్పినట్లే. అప్పుడు ఆట ఆపవలెను.

ఇన్ని చేసినను తల్లి మనసు రెండు వారములకు మించి క్రుంగియున్నచో అది సోమరితనమును కాదు, దృష్టిదోషమును కాదు. వైద్యునికి చెప్పవలసిన జబ్బు. 2022 నుండి ప్రభుత్వము నడుపుచున్న టెలి మానస్‌కు 14416 అంకెపై ఉచితముగా ఫోను చేయవచ్చును. ఇంటివారు ఆమెకు బుద్ధులు చెప్పుటకంటె రెండు గంటలు బిడ్డను తీసుకొని ఆమెను నిద్రపోనిచ్చుట మేలు.

తండ్రి విషయమున పుట్టింటివారికొక బాధ్యత కలదు. ఆదివారమునాడు అల్లుడు వచ్చినపుడు కుర్చీ వేసి, కాఫీ యిచ్చి, మర్యాదగా కూర్చుండబెట్టుచున్నారు. కాఫీ ఇయ్యవలసినదే. అది త్రాగిన పిమ్మట భుజముపై తువ్వాలు వేసి, పాలు త్రాగిన బిడ్డను త్రేపు వచ్చువరకు ఎత్తుకొమ్మని యిచ్చి, అత్తగారు వంటయింటిలోనికి పోవలెను. బిడ్డ ఏడ్చినను వెంటనే పరుగెత్తి రాగూడదు.