పరాయి యుద్ధం – మన ప్రాణాల లెక్క
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వార్షిక సమావేశమంటే పిల్లల స్కాలర్‌షిప్పులు, కుట్టుమిషన్లు, పేదింటి పెళ్ళిళ్ళు, కబరస్తాన్ గోడ, ఇటువంటి సంగతులు మాట్లాడుకోవటం మనకు ఆనవాయితీ. అటువంటిచోట రష్యా, ఉక్రెయిన్ యుద్ధాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను పురమాయించినారు. ఈ సంగతి తెలిసి, "మనకెందుకండీ ఆ గొడవ?" అని ఒక పెద్దమనిషి అడగనే అడిగినారు. న్యాయమైన ప్రశ్నే. దానికి సమాధానం చెప్పుకోవటమే నా ప్రసంగం.

ఈ యుద్ధం 2022 ఫిబ్రవరి 24న మొదలయింది. మూడేళ్ళు గడచినా ఆగలేదు. మొదటి రోజుల్లో మన ఊళ్ళో, వన్‌టౌన్ టీకొట్ల దగ్గర, ఎక్కడ చూసినా ఇదే మాట. ఎవరి ట్యాంకులు గొప్పవి, ఎవరి క్షిపణి ఎంత దూరం పోతుంది, ఎవరు గెలుస్తారు అని క్రికెట్టు మ్యాచి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నాం. టీవీల్లోనూ అదే వరస. ఆ తరువాత మంచినూనె ధర లీటరు రెండొందల దరిదాపుకు పోయింది. మన దేశం దిగుమతి చేసుకునే సన్‌ఫ్లవర్ నూనెలో అధిక భాగం ఆ రెండు దేశాలనుంచే వచ్చేది మరి! అప్పుడు ఆడవాళ్ళకు కూడా యుద్ధం సంగతి తెలిసింది. డెల్టాలో వరి వేసే రైతుకు ఎరువు సంగతిగా తెలిసింది. 2022–23లో ఎరువుల సబ్సిడీ కింద కేంద్రానికి రెండు లక్షల కోట్ల రూపాయలకు పైగా ఖర్చయింది. ఐక్యరాజ్యసమితిలో 2022 మార్చి 2న రష్యాను తప్పుపడుతూ 141 దేశాలు ఓటు వేస్తే, మన దేశం మరి 34 దేశాలతో కలిసి తటస్థంగా ఉండిపోయింది. అది ఒప్పా తప్పా అని కూడా చాలా వాదన జరిగింది.

ఇన్ని వాదాల్లో, చచ్చిపోయినవాడు ఎవడు అన్న మాట మాత్రం వెనకబడిపోయింది. నేను మనవి చేయదలచింది ఆ ఒక్క మాటే.

మనవాళ్ళ సంగతితో మొదలుపెడతాను. వైద్యం చదువుకోవటానికి పోయిన వందలాది తెలుగు పిల్లలు ఆ యుద్ధంలో చిక్కుకున్నారు. నేలమాళిగల్లో తలదాచుకుని, మంచులో నడిచి పోలెండు, రుమేనియా, హంగరీ సరిహద్దులు చేరినారు. "ఆపరేషన్ గంగ" పేరుతో 90 విమానాల్లో సుమారు 22,500 మందిని మన ప్రభుత్వం వెనక్కు తెచ్చింది. మెచ్చుకోవలసిన పని. అయితే ఖార్కివ్ నగరంలో 2022 మార్చి 1న కర్ణాటక కుర్రవాడొకడు ఫిరంగి దాడిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. డాక్టరై వస్తాడనుకున్న బిడ్డ పెట్టెలో వచ్చినాడు.

ఆ పిల్లలు చదువుకోసం పోయినారు. యుద్ధం వాళ్ళమీదికి వచ్చి పడింది. ఆ తరువాత పోయినవాళ్ళ కథ వేరు. వాళ్ళను యుద్ధంలోకి తీసుకుపోయి దింపినారు. సెక్యూరిటీ హెల్పరు ఉద్యోగమన్నారు, మంచి జీతమన్నారు, యూట్యూబులో వీడియోలు చూపించినారు. తెలంగాణ, కర్ణాటక, కేరళ, గుజరాత్, పంజాబ్, ఉత్తరప్రదేశ్, కాశ్మీర్ కుర్రవాళ్ళు ఏజెంట్లకు డబ్బు కట్టి మాస్కో చేరినారు. అక్కడ తమకు రాని రష్యన్ భాషలో ఉన్న కాయితం మీద సంతకం పెట్టినారు. కొద్దిపాటి శిక్షణతో వారిని యుద్ధభూమికి పంపినారు. వారిలో హైదరాబాదు యువకుడొకడు చనిపోయినట్టు 2024 మార్చి 6న మాస్కోలోని మన రాయబార కార్యాలయం ధ్రువపరచింది. అంతకుముందే ఆ కుటుంబాలవారు పార్లమెంటు సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీగారి దగ్గరకు పోతే, ఆయన ఆ సంగతి విదేశాంగ శాఖకు రాసినారు. 2024 మార్చిలో సీబీఐ ఏజెంట్ల మీద కేసు పెట్టి పలు నగరాల్లో సోదాలు చేసింది. జూలైలో ప్రధానమంత్రి మాస్కో పోయినప్పుడు ఈ విషయం ప్రస్తావించినారు.

2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ఇది. రష్యా సైన్యంలో చేరిన భారతీయులు తెలిసినంతవరకు 126 మంది. తిరిగి వచ్చినవారు 96 మంది. చనిపోయినవారు 12 మంది. మిగిలిన 18 మందిలో 16 మంది గల్లంతు.

ఆ "గల్లంతు" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. చనిపోయినాడని తెలిస్తే ఏడుస్తాం, జనాజా నమాజు చేస్తాం, మట్టి ఇస్తాం. తల్లి గుండె ఎప్పటికో కుదుటపడుతుంది. గల్లంతంటే అది కూడా లేదు. చట్టప్రకారం ఏడేళ్ళపాటు మనిషి జాడ తెలియకపోతేగాని మరణించినట్టు భావించరు. అందాకా ఇన్సూరెన్సు రాదు, ఆస్తి పంపకం కాదు. ఆ ఇంటి కోడలు సుహాగనా, బేవానా? ఇద్దత్ ఎప్పుడు మొదలుపెట్టాలి? 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ప్రకారం భర్త జాడ నాలుగేళ్ళుగా తెలియకపోతే భార్య కోర్టుకు పోయి విడుదల కోరవచ్చు. ఆ నాలుగేళ్ళు ఆమె ఎట్లా బతకాలి, పిల్లల ఫీజు ఎవరు కట్టాలి? యుద్ధపు ఖర్చంటే బాంబుల ఖర్చే కాదు, సోదరులారా. ఇది కూడా ఖర్చే. దీన్ని ఏ టీవీవాడూ లెక్క కట్టడు.

లెక్క మాట వచ్చింది కాబట్టి దాని సంగతీ చూద్దాం. యుద్ధంలో ఎంతమంది పోయినారంటే ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు. "అంతా అబద్ధమే" అని మనం చేతులు దులుపుకుంటాం. అది సరికాదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. చనిపోయినవారు పదివేలని కొందరు, పద్నాలుగు వేలని కొందరు, అంతకు ఎన్నో రెట్లని మరికొందరు అన్నారు. అంకె తేలనంతమాత్రాన ఉప్పెన రాలేదందామా? ఊరికి ఊరు కొట్టుకుపోయినచోట లెక్క చెప్పటానికి మిగిలినవాడు ఎవడు? కోతలకు వచ్చిన పరవూరి కూలీ పేరు ఏ కరణం కాయితంలో ఉంటుంది? యుద్ధంలోనూ అంతే.

లెక్కకట్టే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి, రుజువు దొరికిన మరణాన్నే, ఒక్కొక్కటిగా రాసుకోవటం. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం ఉక్రెయిన్‌లో చేస్తున్నది ఇదే. 2025 ఫిబ్రవరి నాటికి అట్లా రుజువైన పౌరుల మరణాలు 12,600 దాటినాయి. అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువని వారే చెప్పినారు. రెండవది, కొన్ని ఇళ్ళకు పోయి అడిగి, దాన్నిబట్టి దేశం మొత్తానికి అంచనా కట్టటం. ఇరాక్ యుద్ధంలో 2006లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఇటువంటి అంచనాలో అదనపు మరణాలు ఆరున్నర లక్షలు. వార్తల్లో వచ్చిన పౌరుల మరణాలనే లెక్కపెట్టిన మరో సంస్థ అంకె అందులో పదోవంతు కూడా లేదు. అమెరికా అధ్యక్షుడు బుష్‌గారు ఆ లాన్సెట్ నివేదిక నమ్మదగినది కాదన్నారు. రెండు పద్ధతుల్లోనూ లోపాలున్నాయి. మొదటిది ఎప్పుడూ తక్కువ చూపిస్తుంది. రెండవది అటో ఇటో పోవచ్చు. ఈ తేడా తెలిసినవాడు అంకె విని మోసపోడు, అంకె చూసి కొట్టిపారెయ్యడు.

ఇక సైనికుల సంగతి. రష్యా రక్షణమంత్రి 2022 సెప్టెంబరులో తమవారు 5,937 మంది చనిపోయినారని చెప్పినారు. ఆ తరువాత ఏళ్ళు గడిచినా వారు మళ్ళీ అంకె చెప్పలేదు. అయినా కొందరు పత్రికలవాళ్ళు ఊరిఊరి శ్మశానాల్లో కొత్త సమాధులు చూసి, సంతాప ప్రకటనలు ఏరి, ఒక్కొక్క పేరూ రాసుకుంటూ పోయినారు. 2025లో ఆ పేర్లు లక్ష దాటినాయి. ఉక్రెయిన్ అధ్యక్షుడు తమ సైనికులు 43,000 మంది పోయినారని 2024 డిసెంబరులో ప్రకటించినారు. పేరు రాయటమంటే ఏమిటో మనకు తెలియంది కాదు. మన కబరస్తాన్ రిజిస్టరులో అనాథ శవానికి కూడా ఒక వరస ఉంటుంది. అది మర్యాద. ఆ మర్యాద ప్రతి మనిషికీ చెల్లు.

ఇప్పుడు మనవాళ్ళకు కొంచెం కటువుగా తోచే మాట ఒకటి చెప్పాలి. గాజాలో పిల్లలు చనిపోతే మన కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. తిరగాలి. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది చనిపోయినారు. ఆ తరువాతి యుద్ధంలో 2025 అక్టోబరు కాల్పుల విరమణ నాటికి గాజాలో 67,000 మందికి పైగా చనిపోయినారని అక్కడి ఆరోగ్యశాఖ లెక్క. మన మసీదుల్లో దువా చేసినాం, చందాలిచ్చినాం. మంచిదే. మరి సూడాన్ మాట? 2023 ఏప్రిల్ 15న అక్కడ రెండు సైన్యాలు కొట్టుకోవటం మొదలుపెట్టినాయి. కోటి మందికి పైగా ఇళ్ళు వదిలి పోయినారు. చంపేవాడూ ముస్లిమే, చచ్చేవాడూ ముస్లిమే. దానిమీద మన మహల్లాలో ఒక్క సభ జరిగిందా? ఉక్రెయిన్ తల్లి ఏడిస్తే మనకు చెవిన పడిందా?

చంపినవాడు ఎవడో చూసుకుని చచ్చినవాడికోసం ఏడిస్తే, అది దుఃఖం కాదు, పగ. మనం అట్లా చేస్తే, "మీవాళ్ళు పోతేనే మీకు నొప్పి" అని పక్కింటివాడు అంటాడు. అనటానికి మనమే సందిచ్చినవాళ్ళమవుతాం. అదే అందరి ప్రాణానికీ ఒకే తూకం వేస్తే, గాజాను గురించి మనం చెప్పే మాటకు కూడా బరువు వస్తుంది.

"పరాయి దేశం సంగతి మనకెందుకు" అనే పెద్దమనిషికి ఈ ఊరి చరిత్రే జవాబు చెబుతుంది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో ఇదే బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశాలు జరిగినాయి. గాంధీగారు వచ్చినారు. పింగళి వెంకయ్యగారు జెండా నమూనా ఇచ్చింది అప్పుడే. దేశంలో అది ఖిలాఫత్ ఉద్యమం ఉరకలు వేస్తున్న కాలం. ఖిలాఫత్ అంటే ఏమిటి? ఒక పరాయి యుద్ధం ముగిసినాక టర్కీకి ఏ గతి పడుతుందోనన్న బాధ. ఆ బాధను హిందువులు కూడా తమదిగా చేసుకున్నారు. మన బాధను పక్కవాడు పంచుకున్నప్పుడు, పక్కవాడి బాధ మనమూ పంచుకోవాలి గదా! అంతేకాదు, 1942లో జపాను బర్మా మీద పడినప్పుడు రంగూనులో కూలీనాలీ చేసుకుంటున్న మన తెలుగువాళ్ళు పిల్లలనెత్తుకుని అడవులవెంట నడిచి వచ్చినారు. దారిలో వేలాదిమంది భారతీయులు రాలిపోయినారు. ఆ ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడినాయి. యుద్ధం ఎప్పుడూ పరాయిదిగానే మొదలవుతుంది.

మాటలు చాలు, పని సంగతికి వస్తాను. గల్ఫుకు పోయే కూలీకి మన దేశంలో ఒక తనిఖీ ఉంది. 1983 నాటి వలసల చట్టం కింద, పదో తరగతి పాసుకానివారు పని నిమిత్తం జాబితాలోని 18 దేశాలకు పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. రష్యా ఆ జాబితాలో లేదు. టూరిస్టు వీసా మీద పోయేవాణ్ణి ఆపి అడిగేవాడు లేడు. ఆ సందులోనుంచే ఏజెంట్లు మనుషులను దాటించినారు. కాబట్టి ఆ తనిఖీ మనమే చెయ్యాలి.

మచిలీపట్నంలోగాని, గుడివాడలోగాని, వించిపేటలోగాని ఏ ఇంట్లోనైనా కుర్రవాడు విదేశం పోతానంటే మూడు సంగతులు చూడండి. ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషను ఉన్నదా? ఉద్యోగం పేరుచెప్పి టూరిస్టు వీసా ఇస్తున్నాడా? ఒప్పందం మనం చదవగల భాషలో ఉన్నదా? ఈ మూడింట్లో ఒక్కటి తేడా వచ్చినా పాస్‌పోర్టు చేతికి ఇవ్వవద్దు. తాడేపల్లిలో ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఎన్నార్టీ ఉంది, అక్కడ విచారించండి. మన సంఘం కూడా ఒక పుస్తకం పెట్టి, మహల్లాలనుంచి విదేశం పోయినవారి పేరు, దేశం, యజమాని, ఫోను నంబరు రాసి ఉంచాలని సభాముఖంగా కోరుతున్నాను. చదువుకున్న ఇద్దరు కుర్రవాళ్ళు ఆదివారం పూట కూర్చుంటే అయ్యే పని. రేపు ఏ తల్లయినా "మావాడి ఫోను రావటంలేదు" అని ఏడుస్తూ వస్తే, రాయబార కార్యాలయానికి రాయటానికి మన చేతిలో కనీసం ఒక కాయితమన్నా ఉంటుంది.

కడుపు నిండనివాడు ఎక్కడికైనా పోతాడు. పోవద్దనటానికి మనం ఎవరం? ఇక్కడ పని దొరికితే ఎవడూ మంచులో తుపాకి పట్టుకోవటానికి పోడు. అందుకని మన స్కాలర్‌షిప్పులు, మన కుట్టుమిషన్లు, ఐటీఐ ఫీజుల సాయం, ఇవన్నీ ఈ ప్రసంగంతో సంబంధంలేని విషయాలు కావు. ఒక పిల్లవాడికి వెల్డింగు పని నేర్పితే, వాణ్ణి ఏజెంటు బారినుంచి తప్పించినట్టే. ఆ పద్దుకు ఈ సంవత్సరం మీరు ఉదారంగా చందాలివ్వాలని ప్రార్థిస్తున్నాను.