మన సైన్సు సారు సువేగా

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి "పది నిమిషాలు నీ వృత్తి గురించి మాట్లాడు" అన్నారు. ఇంతవరకూ మాట్లాడిన వాళ్ళలో డాక్టర్లున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు, అమెరికా నుంచి వచ్చినవాళ్ళున్నారు. నేను మెకానిక్కుని. నలభై ఏళ్ళకు పైగా నా గోళ్ళ కింద ఉన్నది గ్రీజే. దాన్ని గురించే చెబుతాను. అందులో ఒక సంగతి మాత్రం ముందు వరసలో కూర్చున్న మన సైన్సు సారుకు సంబంధించినది. సారు అనుమతితోనే చెబుతున్నాను.

మేము పదో తరగతి రాసిన 1979లో ఈ ఊళ్ళో సొంత బండి అంటే సువేగానే. మోపెడ్స్ ఇండియా అనే కంపెనీ ఫ్రాన్సు దేశపు మోటోబెకేన్ వాళ్ళ సహకారంతో మన తిరుపతిలోనే తయారు చేసేది. పూనా నుంచి లూనా 1972లో వచ్చింది. హోసూరు నుంచి టీవీయస్ 50 వచ్చేసరికి 1980. అన్నీ 50 సీసీ బళ్ళే, అన్నింటికీ పెడళ్ళుండేవి. పెట్రోలు అయిపోతే సైకిలు మాదిరి తొక్కుకుంటూ ఇంటికి పోవచ్చు. ఇప్పటి పిల్లలకు ఇది చెబితే నవ్వుతారు. అప్పుడు మాకు అది విమానం.

ఐటీఐ అయ్యాక తిరుపతిలో ఒక షెడ్డులో చేరాను. వచ్చిన ప్రతివాడిదీ ఒకే కోరిక: "కొంచెం పికప్ పెంచప్పా." పాల క్యాన్లవాడికి పికప్ కావాలి. కాలేజీ కుర్రాడికి పికప్ కావాలి. పెళ్ళాన్ని వెనక కూర్చోబెట్టుకున్న గుమాస్తాకూ కావాలి. 50 సీసీ ఇంజనులో ఉండేదే రెండు గుర్రాల బలం. అందులోంచి ఇంకొంచెం పిండటం అప్పట్లో మాకు పెద్ద విద్య.

మా విద్య ఏమిటో చెబుతాను. సిలిండరు మీది హెడ్డు విప్పి, అద్దం పలక మీద ఎమరీ పేపరు పరిచి, దాని మీద హెడ్డును గుండ్రంగా తిప్పుతూ అరగదీసేవాళ్ళం. లోపల గాలి-పెట్రోలు మిశ్రమం నలిగే జాగా తగ్గుతుంది, కంప్రెషను పెరుగుతుంది, లాగుడు వస్తుంది. ఎగ్జాస్టు పోర్టు పైఅంచును ఆకురాయితో కాస్త పైకి గీకేవాళ్ళం. ఎయిర్ ఫిల్టరు తీసి పారేసేవాళ్ళం. సైలెన్సరులోని లోపలి గొట్టం పీకేసేవాళ్ళం. బండి టపటపమని అరిచేది. యజమాని ముఖం వెలిగేది. అరుపే బలమని అతనూ అనుకునేవాడు, మేమూ అనుకునేవాళ్ళం.

టూ స్ట్రోకు ఇంజనుకు సైలెన్సరు అంటే పొగ పోయే గొట్టం మాత్రమే కాదని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. తూర్పు జర్మనీలో ఎం.జెడ్. కంపెనీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు ఉండేవాడు. పొగ బయటికి పోయేటప్పుడు గొట్టంలో ఒక పీడన తరంగం పరుగెత్తుతుంది. గొట్టం వెడల్పయ్యే చోట ఆ తరంగం లోపలి పాత పొగను బయటికి లాగుతుంది. మళ్ళీ సన్నబడే చోట వెనక్కి తిరిగివచ్చి, బయటికి జారిపోబోతున్న కొత్త పెట్రోలును సిలిండరులోకి తోస్తుంది. గొట్టం పొడవు సరిగ్గా కుదిరితే ఆ తోపు సరిగ్గా పోర్టు మూసుకునే వేళకు అందుతుంది. ఈ లెక్కతోనే ఆయన 1961 నాటికి 125 సీసీ ఇంజనునుంచి 25 గుర్రాల బలం తీశాడు. ఆ ఏడాదే ఆయన రైడరు ఎర్నెస్ట్ డెగ్నర్ దేశం దాటి పారిపోయి సుజుకీలో చేరాడు. ఆ విద్యను తీసుకుపోయి 1962లో 50 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అంతటి గొట్టాన్ని మేము తిరుపతి షెడ్డులో శ్రావణంతో పీకి పారేస్తున్నాం! మా బళ్ళు అరిచాయే కానీ చాలావాటిలో బలం పెరగలేదు, తగ్గింది.

ఇక అసలు సంగతి.

1982 ఎండాకాలంలో మన సైన్సు సారు తన సువేగాను నా దగ్గరికి తెచ్చారు. "ఒరే, భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు పెడళ్ళు తొక్కాల్సి వస్తున్నదిరా, ఏమైనా చేయగలవా?" అన్నారు. నాకు కంబశ్చను అనే మాట నేర్పిన మనిషి నన్ను అడిగారు. నాకు పందొమ్మిదేళ్ళు. నాకు వచ్చిన విద్యంతా ఆ బండి మీద చూపించాను. హెడ్డు అరగదీశాను, పోర్టు గీకాను, ఫిల్టరు తీశాను, గొట్టం పీకాను. పొగ ఎక్కువ వస్తోందని సారు అంటే, "పెట్రోలులో ఆయిలు కొంచెం తగ్గించి పోసుకోండి సార్" అని సలహా కూడా ఇచ్చాను.

చెయ్యనిది ఒక్కటే. కార్బొరేటరులో జెట్ మార్చలేదు. ఫిల్టరు తీసి, పోర్టు పెంచి, గొట్టం పీకితే ఇంజను గాలి ఎక్కువ పీలుస్తుంది. పెట్రోలు వచ్చే రంధ్రం మాత్రం పాతదే. గాలి ఎక్కువై పెట్రోలు తగ్గితే మంట వేడెక్కుతుంది. పైగా టూ స్ట్రోకులో పిస్టన్‌కు చమురు అందేది పెట్రోలుతోనే. పెట్రోలు తగ్గితే చమురూ తగ్గినట్టే. అది చాలదని ఆయిలు కూడా తగ్గించమన్నాను. సువేగాకు ఫ్యాను లేదు, ఎదురుగాలే దానికి చల్లదనం. ఎక్కుడులో బండి మెల్లగా పోతుంది కనుక ఆ గాలీ ఉండదు. ఇన్ని తప్పులు ఒక్కచోట కూర్చటానికి కూడా ఒక ప్రతిభ కావాలి.

మూడు వారాలు బండి బ్రహ్మాండంగా పోయింది. సారు స్టాఫు రూములో నన్ను పొగిడారట. తర్వాత ఒకరోజు తిరుపతిలో మన ల్యాబుకు గాజు సామాను కొని, అట్టపెట్టెను వెనక కట్టుకుని సారు ఊరికి బయలుదేరారు. ఘాట్ అంతా థ్రాటిల్ పూర్తిగా తిప్పి ఎక్కించారు. ఒక్కసారి కూడా పెడలు తొక్కలేదట. ఎక్కుడు అయిపోయి రోడ్డు కాస్త దిగువకు వాలిన చోట థ్రాటిల్ వదిలారు. కాగి ఉన్న ఇంజనుకు ప్రమాదం సరిగ్గా ఆ క్షణంలోనే. చక్రం ఇంజనును తిప్పుతూనే ఉంటుంది, పెట్రోలు మాత్రం ఆగిపోతుంది, దానితోపాటు చమురూ ఆగిపోతుంది. పిస్టన్ సిలిండరును పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుని బండి పక్కకు జారింది.

సారు కుడి మణికట్టు విరిగింది. అట్టపెట్టెలో ఒక్క బీకరు కూడా మిగల్లేదు. ఆ డబ్బు సారే తన జీతంలోంచి కట్టారని తర్వాత తెలిసింది. ఆ ఏడాది బడి తెరిచాక మొదటి వారాల్లో సారు ఎడమచేత్తో బోర్డు మీద రాశారు. 1982-83 బ్యాచ్ వాళ్ళు ఇక్కడ ఉంటే వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ వంకర అక్షరాలు.

బండిని నా దగ్గరికే తెచ్చారు. విప్పి చూస్తే పిస్టన్ పక్కన నిలువునా గీతలు, ప్లగ్గు మొన సున్నం మాదిరి తెల్లగా ఉంది. చమురూ పెట్రోలూ చాలక కాగిపోయిందని ఆ తెలుపే చెబుతోంది. నేను సారుతో ఏమన్నానో తెలుసా? "పిస్టన్ పాతది సార్. కంపెనీ సామాను ఇప్పుడు అంత మంచిగా రావడం లేదు." సారు తల ఊపారు. బోరు కొట్టించి కొత్త పిస్టన్ వేసినందుకు నాకు డబ్బు కూడా ఇచ్చారు. నేను తీసుకున్నాను.

ఆ తర్వాత నా షెడ్డులో పికప్ పెంచడం మానేశాను అని చెబితే మీరు చప్పట్లు కొడతారు. కానీ అది నిజం కాదు. మానలేదు, నేర్చుకున్నాను. ఫిల్టరు తాకితే జెట్ చూడకుండా బండి వదల్లేదు. ప్రతి బండినీ నేనే ఎక్కుడు మీద నడిపి, దారిలోనే ఇంజను ఆపి, ప్లగ్గు విప్పి రంగు చూసేవాణ్ణి. లేత ఇటుక రంగు వస్తే సరే. ఎక్కుడు ఎక్కడమే కావాలన్న వాళ్ళకు ఇంజను ముట్టకుండా వెనక పెద్ద పళ్ళచక్రం వేసి పంపేవాణ్ణి. పైవేగం కొంచెం తగ్గుతుంది, లాగుడు పెరుగుతుంది, ఏదీ కాలిపోదు. సారుకు కావలసినది నిజానికి అదే.

వేగమే కావాలన్న కుర్రవాళ్ళకు ఒక లెక్క చెప్పేవాణ్ణి. గాలిని చీల్చడానికి కావలసిన బలం వేగపు ఘనంతో పెరుగుతుంది. 40 నుంచి 50 కిలోమీటర్లకు పోవాలంటే ఆ ఒక్క పనికే దాదాపు రెండింతల బలం కావాలి. ఆపేటప్పుడు బ్రేకు మింగాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. బ్రేకు మాత్రం సైకిలు కన్నా కొంచెం పెద్దది, అంతే. ఈ మధ్య నా మనవడి స్నేహితులు బ్యాటరీ సైకిలు తెచ్చి, 25 కిలోమీటర్ల కట్టడి తీసేయమని అడిగారు. 250 వాట్ల లోపు, 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే దానికి రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కర్లేదు. ఆ కట్టడి తీస్తే అది చట్టం దృష్టిలో మోటారు బండే. బ్రేకులు చూపించమన్నాను. చూపించి, వాళ్ళే తల గోక్కుంటూ వెళ్ళిపోయారు.

పోయిన నెల ఈ సభకు పిలవడానికి సారు ఇంటికి వెళ్ళాను. ఆహ్వాన పత్రిక ఇచ్చాక లేవలేకపోయాను. ఉన్నదంతా చెప్పాను. సారుకు ఇప్పుడు ఎనభై దాటాయి. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆహ్వాన పత్రిక తిరగేసి పెన్ను అడిగారు.

"ఎంత అరగదీసినావు?"

"ఒక మిల్లీమీటరు ఉంటుంది సార్."

"బోరు?"

"39 మిల్లీమీటర్లు. స్ట్రోకు 41.8."

సారు వేసిన లెక్క ఆ పత్రిక మీద ఇప్పటికీ ఉంది. మిల్లీమీటరు తీస్తే సుమారు 1.2 సీసీ జాగా పోతుంది. హెడ్డులో జాగా 7.1 సీసీ అనుకుంటే కంప్రెషను 8 నుంచి 9.5 దగ్గరికి పోయింది. "ఇది ఒక్కటే అయితే ఇంజను తట్టుకునేదేమో. జెట్ మార్చినావా?" అన్నారు.

"లేదు సార్."

సారు పెన్ను మూసి తన కుడిచేతిని చూసుకున్నారు. ఆ మణికట్టు నేటికీ పూర్తిగా తిరగదు. "సభలో చెప్పు," అన్నారు. "ఎంత అరగదీసినావో కూడా చెప్పు. ఊరికే తప్పు చేసినానంటే పిల్లకాయలకు ఏమి అర్థమవుతుంది?"

అందుకే చెప్పాను. ఒక మిల్లీమీటరు.

సారు రిటైరయినప్పుడు ఆ సువేగాను నేనే కొన్నాను. వేరే హెడ్డు, కొత్త జెట్, లోపలి గొట్టం ఉన్న సైలెన్సరు, ఫిల్టరు అన్నీ వెతికి వేశాను. ఇప్పుడు అది బయట సైకిల్ స్టాండులో ఉంది. చూడాలనుకున్నవాళ్ళు చూడవచ్చు, పెడలు తొక్కి స్టార్టు చేయవచ్చు. సారు ఒక రౌండు వేస్తానంటున్నారు. వాళ్ళ అమ్మాయి వద్దంటోంది. భోజనాల తర్వాత తేలుతుంది.