పోలీసు శిక్షణ చిత్రములు



నేను పోలీసు శాఖవాడను కాను. దస్త్రములతో కాలము గడుపువాడను. అయినను ఈ విషయము మనయందరి ఇండ్ల గడపలకు సంబంధించినది.

2024 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షను ప్రకారము ఇల్లు సోదా చేయుట, వస్తువుల జాబితా వ్రాయుట, సాక్షులు సంతకములు చేయుట అన్నియు వీడియో తీయవలెను. సెల్‌ఫోను మేలని చట్టమే చెప్పుచున్నది. ఆ వీడియోను ఆలస్యము చేయక మేజిస్ట్రేటునకు పంపవలెను. దీనిని ఠాణా సిబ్బందికి నేర్పుటెట్లు?

నేను చూచిన శిక్షణ చిత్రమొకదానిలో సగము కాలము అధికారి ప్రసంగమే. తక్కిన సగమున వెలుతురు చక్కగా నున్నది, ఇంటివారు నోరు మెదపరు, సాక్షులు పిలిచినంతనే వత్తురు. అట్టి ఇల్లు ఈ దేశమున ఎక్కడ నున్నదో!

చీకటి గది, ఏడ్చు పసిబిడ్డ, సంతకమునకు వెనుదీయు పొరుగువాడు, నడుమ ఆగిపోయిన ఫోను: చూపవలసినవి ఇవి. చిత్రములోని ఎస్సై బీరువా తెరచిన పిదప గాని ఫోను తీయడు. అచ్చట చిత్రమును ఆపి, "నీవైన ఏమి చేయుదువు?" అని శిక్షకుడు అడుగవలెను. తెరచిన పిదప మొదలైన వీడియోను చూచి, ఆ సొత్తు ముందే అందున్నదని న్యాయమూర్తి యెట్లు నమ్మును? దొంగ తప్పించుకొనవచ్చును, అంతకన్న ఘోరము, నిరపరాధి చిక్కుకొనవచ్చును.

ఒక్క చిత్రమున ఒక్క పనియే చూపవలెను. పది నిమిషములు చాలును. ఏ రాష్ట్రపు ఠాణాలో ఏ భాష మాటలాడుదురో సంభాషణ ఆ భాషలోనే యుండవలెను, పుస్తకభాష వలదు. (ఈ మాటను ఇట్టి భాషలో చెప్పుచున్నందులకు మన్నింపుడు!) నటునికన్న అనుభవముగల హెడ్డు కానిస్టేబులు చేతనే జాబితా వ్రాయించి చిత్రించుట మేలు. అతని కలము తడబడిన చోటనే కెమేరా కొంతసేపు నిలువవలెను.