జ్ఞా అను అక్షరము - వెబ్‌సైట్ల పరీక్ష

మల్లాపూరు మండలములోని రైతు తన భూమి వివరములు చూచుకొనవలెనన్నను, కోరుట్లలోని బీడీ కార్మికురాలు తన పింఛను దరఖాస్తు ఏమైనదో తెలిసికొనవలెనన్నను, సిరిసిల్లలోని విద్యార్థి పరీక్షా ఫలితమును చూడవలెనన్నను, నేడు వారు నిలువబడునది గుమాస్తా బల్ల ఎదుట కాదు, వెబ్‌సైటు ఎదుట. 2011 లో మీసేవ వచ్చిన నాటినుండి ఈ మార్పు క్రమముగా పల్లెలకు ప్రాకినది. భూముల రికార్డులకు 2020 అక్టోబరు 29 న ధరణి వచ్చినది. దాని స్థానమున 2025 ఏప్రిలు 14 న భూభారతిని ప్రారంభించిరి. గుమాస్తా పొరపడినచో అతనితో వాదింపవచ్చును, పై అధికారికి మొరపెట్టుకొనవచ్చును. తెర మీద 'మరల ప్రయత్నింపుడు' అను మాట వచ్చినచో ఎవరితో వాదింతుము? అందుచేత వెబ్‌సైటు ప్రజల చేతికి రాకముందే దానితో వాదించువారు కొందరుండవలెను. ఆ వాదమునకే పరీక్ష యని పేరు. అది ఎట్లు జరుగునో, ఎచ్చట చాలకుండునో శ్రోతలకు మనవి చేయుట మా ఉద్దేశము.

సిరిసిల్ల మరమగ్గముల చప్పుడు మన ప్రాంతమువారికి క్రొత్త కాదు. పడుగులో ఒక పోగు తెగినను మగ్గము ఆగక ఆడుచునే యున్నచో, గుడ్డ పొడవునా ఒక గీత పడును. సాయంకాలము గుడ్డ మడతపెట్టునప్పుడు దానిని కనుగొనిన లాభమేమి? అప్పటికి నూలు పోయినది, కూలి పోయినది. జపాను దేశస్థుడు సకిచి టొయోడా 1924 లో పూర్తి చేసిన మగ్గము, పోగు తెగిన వెంటనే తనంతట తాను ఆగిపోవును. ఆ కుటుంబమే తరువాత మోటారుకార్ల కర్మాగారము నెలకొల్పి, దోషము కనబడిన చోటనే పని నిలుపవలెనను పద్ధతిని అందును ప్రవేశపెట్టినది. సాఫ్టువేరు వ్రాయువారును ఇప్పుడు ఇదే మార్గమున నడచుచున్నారు. వెబ్‌సైటులో ఎవరైన ఒక పంక్తి మార్చినచో, వెంటనే వందలకొలది చిన్న పరీక్షలు వాటంతట అవియే నడచును. అందులో ఒక్కటి తప్పినను ఆ మార్పు ప్రజల వరకు పోకుండ ఆగిపోవును.

ఈ పరీక్షలు చేయు సాధనము మాయ యేమియు కాదు. మనిషి చేయు పనినే అది చేయును. వెబ్‌సైటును తెరచును, పేరు వ్రాయును, మీట నొక్కును, వచ్చిన జవాబును రావలసిన జవాబుతో పోల్చిచూచును. అయితే మనిషికి పదవసారి విసుగు పుట్టును, యంత్రమునకు పదివేలవసారికిని పుట్టదు. వీనిలో ప్రసిద్ధికెక్కినది సెలీనియము. 2004 లో షికాగో నగరమున థాట్‌వర్క్స్ సంస్థలో జేసన్ హగ్గిన్స్ అనునాయన దీనిని నిర్మించెను. ఆ కాలమున ఇట్టి సాధనములు అమ్ము పెద్ద సంస్థ పేరు మెర్క్యురీ, అనగా పాదరసము. పాదరసపు విషమునకు సెలీనియము విరుగుడనుటచేత, వేళాకోళముగా ఆ పేరు నిలిచినదని చెప్పుదురు. హైదరాబాదు అమీర్‌పేటలో 'టెస్టింగ్ టూల్స్ నేర్పబడును' అను ప్రకటనలు చూడనివారు అరుదు. మన జగిత్యాల వైపునుండి పోయి ఆ విద్య నేర్చి ఉద్యోగములు సంపాదించిన పిల్లలు కొందరు మా వృత్తిలో ఉన్నారు.

సాధనము దొరికినంతమాత్రాన పరీక్ష జరిగినట్లు కాదు. ఏమి అడుగవలెనో మనిషియే చెప్పవలెను. 18 మొదలు 60 ఏండ్లవారికి మాత్రమే తెరచుకొనవలసిన ఫారము ఉన్నదనుకొందము. 35 ఏండ్లవానితో పరీక్షించి, పనిచేయుచున్నదని చంకలు కొట్టుకొనుట తెలివితక్కువ. 17, 18, 60, 61 - ఈ నాలుగు గట్ల మీదనే తప్పులు దాగియుండును. అట్లే ఇంటిపేరు గడిని ఖాళీగా విడిచిన నేమగునో చూడవలెను. గల్ఫు దేశములకు పోవు మన ప్రాంతమువారికి ఇది చిన్న విషయము కాదు. పాసుపోర్టులో ఒకే పేరు కలవారిని సందర్శక వీసాపై రానీయమని 2022 నవంబరులో ఎమిరేట్సు దేశము ప్రకటించినప్పుడు, ఆ ఖాళీ గడి విలువ ఎంతటిదో అందరికిని తెలిసినది.

పరీక్ష చాలనిచో జరుగు నష్టమునకు మన రాష్ట్రముననే దుఃఖకరమైన ఉదాహరణము కలదు. 2019 ఏప్రిలు 18 న ఇంటర్మీడియటు ఫలితములు వెలువడినవి. మూడు లక్షలకు పైగా విద్యార్థులు తప్పిరి. మార్కులలో తప్పులున్నవని ఫిర్యాదులు వెల్లువెత్తినవి. తెలుగులో 99 మార్కులు వచ్చిన ఒక బాలికకు సున్న పడినది. పరిశీలింపగా, అది పేపరు దిద్దినవారు గళ్ళు నింపుటలో చేసిన పొరపాటని తేలినది. ప్రభుత్వము ముగ్గురు సభ్యుల సంఘమును నియమించినది, తప్పినవారి జవాబుపత్రములను రుసుము లేకుండ మరల చూడవలెనని ఆజ్ఞాపించినది. ఈలోగా 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొన్నట్లు పత్రికలు ప్రకటించినవి. ప్రతి మరణమునకును యంత్రమే కారణమని మేము అనజాలము. కాని ఇంత మాత్రము చెప్పగలము. మనిషి చేయి తప్పుట సహజము. ఆ తప్పును పట్టుటకే లెక్కయంత్రము ఉండవలెను. మిగిలిన విషయములన్నిటిలో మంచి మార్కులు వచ్చి ఒక్కదానిలో సున్న పడినచో, 'ఈ కాగితమును మరల చూడుడు' అని ఆగి చెప్పు నియమమును వ్రాయుటకు ఒక పూట చాలును. పాత పద్ధతిని, క్రొత్త పద్ధతిని ఒక ఏడు ప్రక్కప్రక్కన నడిపి, రెండింటి ఫలితములు సరిపోల్చుట అంతకంటె మేలు. దానికి ఖర్చగునని వెనుదీయువారు తరువాత పడు ఖర్చును లెక్కకట్టరు.

ధనిక దేశములును ఇందుకు మినహాయింపు కావు. అమెరికాలో ఆరోగ్య బీమాకై ప్రభుత్వము నిర్మించిన వెబ్‌సైటు 2013 అక్టోబరు 1 న తెరచుకొన్నది. మొదటి దినమున లక్షలకొలది జనము వచ్చిరి, నమోదు పూర్తిచేయగలిగినవారు ఆరుగురు. మొదలునుండి తుదివరకు కలిపి పరీక్షించుటకు చివరి రెండు వారములే మిగిలినవని నిర్మించినవారు తరువాత చట్టసభ విచారణలో ఒప్పుకొనిరి.

ఇక మన భాష సంగతి. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరము ప్రపంచ వార్తలలోనికెక్కినది. అది 'జ్ఞా'. జ్ఞానమునకు మొదటి అక్షరము! ఆపిల్ సంస్థవారి ఫోనులకు ఆ అక్షరమును ఒక విధముగ కూర్చి సందేశముగా పంపినచో, అందుకొన్న ఫోనులోని సందేశముల కార్యక్రమము కూలిపోయి మరల తెరచుకొనకుండెను. జ, దాని క్రింద ఞ వత్తు, తరువాత కంటికి కనబడని ఒక విడదీయు గుర్తు, ఆపైన దీర్ఘము - ఈ వరుసను ఎట్లు చిత్రింపవలెనో ఆ యంత్రమునకు తోచలేదు. ఫిబ్రవరి 19 న సంస్థవారు సవరణ విడుదల చేసిరి. అంతటి సంస్థలో పరీక్షలు లేకపోవునా? ఉన్నవి. ఈ వరుస మాత్రము వాని కంట పడలేదు.

ఆంగ్లములో ఒక అక్షరము ఒక గుర్తు. తెలుగు అట్లు కాదు. 'లక్ష్మి' అను పేరు కంటికి రెండక్షరములు. కంప్యూటరుకు అది ఏడు గుర్తులు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఒక్కొక్క గుర్తునకు మూడు బైట్ల చొప్పున 21 బైట్లు. పేరు గడికి 20 బైట్లు చాలునని ఎవరో దూరమున కూర్చుండి నిర్ణయించినచో, మన లక్ష్మి గుడి తెగి 'లక్ష్మ' యగును. ఆధారు కార్డులో ఒకటి, పట్టా పుస్తకములో మరొకటి! ఆ పిమ్మట ఆమె రెండును ఒకరేనని రుజువు చేసికొనుటకు కార్యాలయముల చుట్టు తిరుగవలెను. తెలుగువారికై కట్టు ప్రతి వెబ్‌సైటును లక్ష్మి, స్త్రీ, జ్ఞానేశ్వరి వంటి మాటలతో పరీక్షింపక విడువరాదని మా అభిప్రాయము.

యంత్రము చూడలేనివియు కలవు. అక్షరముల రంగునకును వెనుక రంగునకును మధ్య తేడా 4.5 కు 1 ఉండవలెనను అంతర్జాతీయ నియమమును అది చక్కగా కొలువగలదు. కాని చూపులేనివారికై బొమ్మ ప్రక్కన వ్రాసిన వివరణ 'బొమ్మ 1' అని యున్నచో, వివరణ ఉన్నదనియే యంత్రము సంతోషించును. అది నిష్ప్రయోజనమని గ్రహింపవలెనన్న ఆ వెబ్‌సైటును చూపులేని ఒకరిచేతనే నడిపింపవలెను. కేంద్ర ప్రభుత్వము 2009 లోనే తన వెబ్‌సైట్లకు మార్గదర్శక సూత్రములు ప్రకటించినది. ఎస్.టి.క్యు.సి. అను దాని శాఖ వానిని పరీక్షించి ధ్రువపత్రము లిచ్చును. పత్రము గోడకు తగిలించుకొని పరీక్ష మానివేసినచో అది పటమే యగును.

మా అనుభవమున పరీక్ష కంటె ముందటి జాగ్రత్తయే గట్టిది. ముత్యంపేట చక్కెర కర్మాగారము 2015 లో మూతపడినది గాని, చెరుకు వేసిన రైతులు ఒక సంగతి మరువలేదు. నరికిన చెరుకు ఎండలో నిలిచినచో పాలు తగ్గును. అటుపిమ్మట ప్రయోగశాలలో ఎంత కొలిచినను తగ్గిన చక్కెర తిరిగి రాదు. వెబ్‌సైటును కట్టకముందే మీసేవ కేంద్రమున ఒక దినము కూర్చుండి, వచ్చిన రైతు ఏమి అడుగుచున్నాడో, ఏ మాట అతనికి అర్థము కాలేదో వినుట ఆ ముందటి జాగ్రత్త.

శ్రోతలును ఈ పనిలో సాయపడవచ్చును. 'వెబ్‌సైటు పనిచేయుటలేదు' అను ఫిర్యాదు వలన సరిచేయువానికి దారి దొరకదు. తెర మీద వచ్చిన మాటలను ఫోనుతో ఫోటో తీసికొనుడు. దరఖాస్తు సంఖ్యను, తేదీని, వేళను వ్రాసికొనుడు. ఏ మీట నొక్కిన తరువాత ఆగినదో చెప్పుడు. సాయము చేయుదుమని ఎవరడిగినను ఓటీపీ మాత్రము చెప్పకుడు. వేళ తెలిసినచో, ఆ నిమిషమున యంత్రము వ్రాసికొన్న చిట్టాను తిరుగవేసి తప్పును కొద్దిసేపటిలో పట్టవచ్చును. తెలియనిచో లక్షల పంక్తులలో వెదకవలెను.