చిన్న రథములకు నాలుగు గుంటల నేల

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయపు రజతోత్సవములో ఆటబండ్ల ప్రసంగ మెందుకని కొందరికి తోచవచ్చును. పదిమందికి కావలసినదై, ఒక్కరు భరింపలేని వస్తువు ఊరిలో ఎట్లు సమకూరును? ఈ ప్రశ్నకు గ్రంథాలయమే ఒక సమాధానము. అదే ప్రశ్న నేడు హైదరాబాదు నగరములోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటలలో మరియొక రూపమున నిలిచియున్నది. ఆ పేటలు పల్లెలవారికి క్రొత్తవి కావు. పోటీపరీక్షలకు చదువుకొను పల్లెటూరి యువతీయువకులు అచ్చటి అద్దెగదులలో కాలము గడపుచు, అశోక్‌నగరులోని సిటీ సెంట్రల్ లైబ్రరీలో పుస్తకము ముందర పెట్టుకొని కూర్చుండెదరు. అచ్చటి గృహస్థుల పిల్లల చేతిలో రిమోటు కారు అరుదైన వస్తువు కాదు. దానిని నిర్భయముగా పరుగెత్తించుటకు చాలినంత నేల దొరకుటయే కష్టము.

తీగ లేకుండ దూరమునుండి వస్తువును కదలించు విద్య నిన్న మొన్నటిది కాదు. 1895లో జగదీశచంద్ర బోసు కలకత్తా నగరమున, గోడల కావల నున్న గంటను విద్యుత్తరంగములచే మ్రోగించి, తుపాకిమందును ప్రేల్చి చూపెను. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులో నీటితొట్టి నడుమ చిన్న నావను చేత ముట్టకయే నడిపించెను. 1966 ప్రాంతమున ఇటలీ దేశములోని ఒక ఆటవస్తువుల సంస్థ ఈ విధముగా నడచు చిన్నకారును అంగడికి తెచ్చెను. 1976లో జపాను దేశపు టమియా సంస్థ పోర్షే కారు నమూనాను విడుదల చేసిన పిదప ఈ వినోదము అనేక దేశములకు వ్యాపించెను. 1977లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, పొమోనా అను పట్టణములో, ఈ చిన్నకార్లకు తొలి ప్రపంచ పోటీ జరిగెను. కనుక ఇది పిల్లలాటయని తీసివేయదగినది కాదు.

ఈ విద్యలో ఒక చిత్రము కలదు. రథమున్నది, సారథియున్నాడు, కాని సారథి రథములో లేడు. ఎత్తయిన తిన్నెపై నిలిచి, చేతిలోని యంత్రముతో నడుపుచుండును. కారు అతనికి దూరముగా పోవునప్పుడు అతని కుడి దానికిని కుడియే. అది తిరిగి అతనివైపు వచ్చునప్పుడు కుడి ఎడమలు తారుమారగును. అందుచేత నేర్చువాడు మొదట గోడకు కొట్టును, పిమ్మట తోటివాని కారుకు కొట్టును. తన మనస్సును ఆ చిన్నకారులో కూర్చుండబెట్టుట అలవడిననాడు గాని చేయి నిలువదు. పూర్వకథలలోని పరకాయప్రవేశము వంటిదే యిది. ఇట్టి సాధనకు చూపు, చేయి, ఓర్పు మూడును కావలెను.

ఇక వ్యయపు సంగతి. లెక్క వ్రాసి చూచినచో నాలుగు పద్దు లేర్పడును: బండి, బాట, నిర్వహణ, నేల.

మొదటి పద్దు బండి. అంగళ్లలోని రిమోటు కార్లు రెండు తెగలు. ఒకటి ఆటబొమ్మ. దాని వెల వందలలోనో, ఒకటి రెండు వేలలోనో ముగియును. విరిగిన బాగుచేయుటకు భాగములు దొరకవు. రెండవది పందెపు కారు. ఎక్కువమంది వాడునది అసలు కారులో పదవవంతు కొలత గలది. మోటారు, బ్యాటరీ, స్ప్రింగులు, పళ్లచక్రములు అన్నియు విప్పి మార్చదగినవి. దీని వెల పదివేలు దాటి, మంచివానికి ముప్పది నలుబది వేలును, ఆపైనను పలుకును. ఇవి తరచుగా పరదేశమునుండి వచ్చునవి. ఆటవస్తువుల దిగుమతిసుంకము 2020లో నూటికి 20 నుండి 60కిని, 2023లో 70కిని పెంచబడినది. స్వదేశపు తయారీని ప్రోత్సహించుట దీని ఉద్దేశము. కాని పందెపు కారు కొనువానిపై భారము పడక తప్పలేదు. తీగలు, స్విచ్చులు, కనెక్టర్లు మొదలగు విద్యుత్సామగ్రికి మాత్రము నారాయణగూడవారు దూరము పోనక్కరలేదు. కోఠీలోని గుజరాతీ గల్లీ అట్టి సరకులకు ప్రసిద్ధము.

రెండవ పద్దు బాట. ప్రజలు తలంచునంత ఖర్చు దీనికి లేదు. మట్టి బాటకు కావలసినవి చదును చేయుట, నీరు చల్లుట, రోలరు త్రొక్కించుట. అంచులకు ప్లాస్టిక్ గొట్టములను నేలకు బిగింతురు. సారథులు నిలుచుటకు నిలువెత్తు తిన్నె, చూపరులకు రక్షణగా చుట్టును వలకంచె ఉండవలెను. ఈ పనులలో ఏదియు పల్లెటూరి మేస్త్రీకి తెలియనిది కాదు. చుట్లు లెక్కించుటకు ప్రతి కారులోను ఒక చిన్న సంకేతయంత్రమును, బాట క్రింద తీగచుట్టును పెట్టు పద్ధతి కలదు. దానికి డబ్బు చాలనిచోట కారున కొక్కరు చొప్పున కాగితము, పెన్సిలు పట్టుకొని కూర్చుండినను లెక్క తప్పదు.

మూడవ పద్దు నిర్వహణ. వానకు బాట కోసుకొనిపోవును, మరల పూడ్చవలెను. బ్యాటరీలను మనిషి దగ్గర లేకుండ చార్జికి పెట్టరాదు. అవి మండు ప్రమాదము కలదు.

నాలుగవ పద్దు నేల. అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. పదవవంతు కార్లకు ముప్పది మీటర్ల పొడవు, పదునైదు మీటర్ల వెడల్పు గల చోటు చిన్న బాటకు సరిపోవును. మూడు మీటర్ల వెడల్పు బాటను నాలుగు మడతలుగా త్రిప్పిన సుమారు నూరు మీటర్ల పరుగు వచ్చును. ఆ చోటు 450 చదరపు మీటర్లు. అనగా 538 చదరపు గజములు. గుంటకు 121 గజముల చొప్పున నాలుగున్నర గుంటలకు కొంచెము తక్కువ. పల్లెలో నాలుగు గుంటల కుంట్రను రైతు చూచి చూడనట్లు దాటిపోవును. అశోక్‌నగరులో అంత నేలపై అనేక కుటుంబములు నివసించు మేడ లేచును.

వీథిలో నడుపరాదా యని అడుగవచ్చును. కిలోన్నర బరువు గల కారు గంటకు నలుబది కిలోమీటర్ల వేగమున వృద్ధుని కాలికి తగిలినచో ఏమగునో చెప్పనక్కరలేదు. పార్కులో నడచువారికిని అదే భయము. అందుచేత కంచెగల చోటే కావలెను.

నగరము పందెములను ఎరుగనిది కాదు. 2023 ఫిబ్రవరి 11న, ఈ పేటలకు సమీపముననే, హుస్సేన్‌సాగర్ తీరపు రోడ్లపై సుమారు 2.8 కిలోమీటర్ల చుట్టుబాటలో ఫార్ములా ఈ అను విద్యుత్కార్ల పోటీ జరిగెను. భారతదేశమున ఆ పోటీ జరుగుట అదియే మొదలు. ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలుపొందెను. మరుసటి యేటి పోటీ 2024 జనవరిలో రద్దయినది. అదే 2023 ఆగస్టు 19న ఇందిరా పార్కునుండి వి.ఎస్.టి. కూడలి వరకు 2.25 కిలోమీటర్ల ఉక్కువంతెన తెరువబడినది. పెద్దబండ్ల పందెమునకు రోడ్లు ఒకనాటికి ఎరువిచ్చినారు. పెద్దబండ్ల రాకపోకలకు రోడ్డునే పైకెత్తినారు. ఈ రెండు కార్యములును తప్పని యనుటకు కాదు. నగరము తలచినచో చోటు చేయగలదని అవి చూపుచున్నవి. నాలుగు గుంటలు అడుగు పిల్లల కోర్కె వాని ప్రక్కన మిక్కిలి చిన్నది.

నేల కొనలేనివారికి ఉపాయము లేకపోలేదు. మట్టి బాటకు బదులు తివాచీపై నడుపు పద్ధతి లోకములో వాడుకలో నున్నది. ఉదయము పరచి సాయంకాలము చుట్టివేయవచ్చును. ముహూర్తములు లేని దినమున పెండ్లిండ్లు జరుగు ఫంక్షన్ హాలును అద్దెకు తీసికొనవచ్చును. అద్దె పదునైదు వేలని అనుకొందము. ముప్పదిమంది చేరినచో తలకు అయిదువందలు. ఒక్కనికి అది మోయరాని బరువు. ముప్పదిమందికి ఒక పూట ఖర్చు. సెలవుదినమున పాఠశాలల ఆటస్థలములను అడిగి పుచ్చుకొనుట మరియొక మార్గము.

ఇట్లు కూడి నడుపుటలో రెండు ఆచారములు గ్రంథాలయము వారికి చిరపరిచితములుగా తోచును. పూర్వము ఈ కార్లు 27 మెగాహెర్ట్జు ప్రాంతపు తరంగములపై నడచుచుండెను. ఇద్దరు ఒకే తరంగమును వాడినచో ఒకని కారు మరియొకని ఆజ్ఞకు లోబడి దారి తప్పును. అందుచేత సంఘములలో ఒక పలకపై తరంగమున కొక చీటీ తగిలించి యుంచెడివారు. చీటీ ఎవని వద్ద నున్నదో వాడే ఆ తరంగమును వాడవలెను. ఆట ముగిసిన వెంటనే తిరిగి పలకపై పెట్టవలెను. పుస్తకము ఎరువు తెచ్చుకొని గడువులో అప్పగించు నియమమున కిది తోబుట్టువు. నేటి 2.4 గిగాహెర్ట్జు యంత్రములలో ఒక్కొక్క కారు తన యజమాని యంత్రమునే గుర్తించును గనుక ఆ పలక అవసరము తీరినది.

రెండవ ఆచారము నేటికిని నడచుచున్నది. ఒక పందెములో నడిపినవాడు, తరువాతి పందెములో బాట మలుపున నిలిచి, తలక్రిందులైన ఇతరుల కార్లను నిలువబెట్టవలెను. గెలిచినవానికిని ఓడినవానికిని ఈ సేవ తప్పదు. తన ఆట ముగిసినదని ఇంటికి పోవువాడు ఆ సంఘములో నిలువలేడు. ఇరువదియైదేండ్లుగా ఒక గ్రంథాలయము నిలిచినదన్నచో అందుకు కారణమును ఇదియే. చదివి లాభము పొందినవారు పుస్తకములకు అట్టలు వేసిరి, చందాలు వసూలు చేసిరి, దీపము ఆర్పి తాళము వేసిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలు ఎరిగినదియు ఈ ధర్మమే. ఒక్కరి అల్మారాకు అందని పుస్తకము పదిమంది పూనికతో ఊరందరికి అందును.

చివరిమాట ఈ గ్రామమునకు సంబంధించినది. చిక్కడపల్లి పిల్లలకు బండి యున్నది, నేల లేదు. పల్లె పిల్లలకు బండి నేడు లేకపోవచ్చును, నేల ఉన్నది. బండి రేపు రావచ్చును. ఇచ్చటి చదువుకొన్న యువకుడే సెలవులకు వచ్చుచు దానిని సంచిలో తేవచ్చును. నేల మాత్రము ఒకసారి పోయిన తిరిగి రాదు. బడిముందరి మైదానము, కళ్లపు దొడ్డి, ఊరి ఉమ్మడి పోరంబోకు ఒక్కసారిగా మాయము కావు. ఈ యేడు ఒక గడ్డివామి, వచ్చే యేడు ఒక రేకులపాక, మూడవ యేడు ఒక గోడ, ఇట్లు మూరలు మూరలుగా తరుగును. నాలుగు గుంటలే కదా యని ఊరుకొన్నవారికి, ఆ నాలుగు గుంటల విలువ అశోక్‌నగరు మేడల నడుమ బ్యాటరీ పెట్టిన కారు చేతబట్టుకొని చోటు వెదకు బాలుడు చెప్పును.

గ్రంథాలయము నిలిచిన చోటును ఒకప్పుడు ఖాళీ నేలయే. దానిని పదిమందికై విడిచినందున నేడీ ఉత్సవము జరుగుచున్నది. ఆ ప్రక్కన పిల్లలకై మరికొంత నేలను హద్దురాళ్లు నాటి కాపాడినచో, స్వర్ణోత్సవమునాటికి అందులో చిన్న రథములు పరుగెత్తునో, బంతులే దొర్లునో, ఆనాటి పిల్లలు నిర్ణయించుకొందురు. నేల ఉంచుట మాత్రము నేటి పెద్దల పని.

స్వస్తి.