మడతలో దాగిన రంగు
(మాజ్రి కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమంటే ముందు వద్దన్న. ఎందుకంటే నేను మగ్గం నేసినోణ్ణి కాదు. మా నాయిన సిరిసిల్ల దిక్కు నుంచి ఇక్కడికి బొగ్గుబాయి పనికి వచ్చిండు. నేను మాజ్రిలోనే పుట్టి, కార్లకు, జీపులకు సీట్లు కుట్టే పని నేర్చుకున్న. "మన కులపని మన ఇంట్లో ఎప్పుడో పోయింది" అని చానా ఏండ్లు అనుకున్న. అది తప్పని ఒక పాత కారు నాకు నేర్పింది. ఆ ముచ్చటే చెప్త.

1950ల నాటి ఫియట్ 1100 ఒకటి నా షెడ్డుకు వచ్చింది. ఫియట్ బండ్లను మన దేశంలో ప్రీమియర్ కంపెనీ బొంబాయి కుర్లాలో తయారు చేసేది. తర్వాత వచ్చిన పద్మిని కారు ఆ వంశానిదే. బొంబాయి నల్ల-పసుపు టాక్సీగా మనకందరికీ ఎరుకే. ఆ టాక్సీలు కూడా 2023 అక్టోబరుతో ఆగిపోయినయి. మిగిలిన పాత బండ్లను ఉన్నవాళ్లు ప్రాణం లెక్క చూసుకుంటున్నరు. ఈ బండి యజమాని ఒక్కటే అడిగిండు: "మా నాన్న కొన్న రోజు లోపల ఏ రంగు ఉండెనో, ఆ రంగే కావాలె."

సీటు అంచులకు రెక్సిను, నడుమ బట్ట. బట్ట బూడిద రంగులో ఉన్నది. అదే అసలు రంగనుకొని, నాగపూర్‌ల అటువంటి బట్టే తెచ్చి కుట్టిన. యజమాని తల్లి, ఎనభై దాటిన మనిషి, వచ్చి కూర్చున్నది. చేత్తో తడిమి చూసి, "కుట్టు బాగుంది బాబూ, కానీ ఇది మా బండి కాదు" అన్నది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మంచిదేందంటే, పాత కవరు పారెయ్యలేదు. ఇంటికి తెచ్చి అమ్మ ముందు పెట్టిన. అమ్మ మగ్గం దిగి నలభై ఏండ్లయింది. నేను తడిబట్టతో తుడవబోతే చెయ్యి పట్టుకున్నది. "బొగ్గు దుమ్ము తడిస్తే బురదై పోగులోకి దిగుతది బిడ్డా. ముందు దులుపు" అన్నది. తర్వాత కుట్టు కొయ్యకుండా, ఒక్కొక్క దారం ఊడదీసి, లోపలి మడత తిప్పింది. ఎండ తగలని ఆ రెండేళ్ల వెడల్పు జాగల లేత ఆకుపచ్చ మెరిసింది!

నేను ఆకుపచ్చ బట్ట కోసం లేవబోయిన. అమ్మ కూర్చోమన్నది. సూదితో ఒక పోగు లాగింది, అడ్డంగా ఇంకోటి లాగింది. పడుగు నీలం, పేక పసుపు. ఆకుపచ్చ పోగు ఒక్కటి కూడా లేదు. రెండు రంగులు కలిసి కంటికి ఆకుపచ్చగా కనబడుతున్నయి, మన నెమలికంఠం చీర లెక్కనే. చంద్రపూర్ ఎండలు మీకు చెప్పాల్నా? ఆ ఎండకు పసుపు ముందు వెలిసిపోయింది, నీలం సగం మిగిలింది, దాని మీద బొగ్గు దుమ్ము కూర్చున్నది. నేను చూసిన బూడిద రంగు అది.

అటువంటి బట్ట బజారులో దొరకదు. నాలుగైదు గజాల కోసం పవర్‌లూమ్ మీద పడుగు ఎక్కించేటోళ్లు ఎవరు? షోలాపూర్‌ల మా చుట్టం ఒకాయన చేమగ్గం మీద నేసిచ్చిండు. సీటుకు బలం కావాలని రెండు పోగులు పురిపెట్టిన నూలు వాడిండు. అద్దకం నమూనాలు అమ్మే చూసింది. తడి నూలు ముదురుగా కనబడుతది కాబట్టి ఆరినాకనే చూడాలె అన్నది. ట్యూబులైటు కింద కలిసిన రంగు ఎండల వేరైపోతదని ప్రతి చిలపను రెండు వెలుగుల్లో చూసింది. మూడుసార్లు వద్దన్నది, నాలుగోసారి తలూపింది.

బండి తీసుకపోయే రోజు ఆ పెద్దమ్మ మళ్లా వచ్చింది. వెనక సీట్ల కూర్చొని ఏమీ అనలేదు. చానాసేపు దిగలేదు కూడా. నాకు అది చాలు.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌ల ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తెప్పించిన పసుపు రోల్స్ రాయిస్ ఉన్నది. ఆయన 1911లో కాలం చేసిండు, బండి ఆ తర్వాత చేరింది. వందేండ్లు దాటినా బాగు చేయించి నిలబెట్టిన్రు కాబట్టి జనం టికెట్ కొని చూస్తున్నరు. రాజు బండైనా, మామూలు మనిషి ఫియటైనా, పాత రంగు తిరిగి రావాలంటే రంగు ఎరిగిన కన్ను కావాలె. ఆ కన్ను మన ఇండ్లల్లో ఉన్నది. కానీ దానికి డెబ్బై, ఎనభై ఏండ్లు.

అందుకే పిల్లలకు ఒక్క పని చెప్తున్న. ఇంటికి పోయి ఒక నోటుబుక్కు తీయుండ్రి. అమ్మమ్మ, నాయనమ్మల పాత చీరెల నుంచి చిన్న చిన్న దారాలు తీసి అతికించుండ్రి. పక్కనే పడుగు ఏ రంగు, పేక ఏ రంగు, ఆ కలయికను వాళ్లు ఏ పేరుతో పిలుస్తరో రాయుండ్రి. మా ఇంట్లో ఆ పుస్తకం మొదలైంది. మొదటి పేజీల ఫియట్ నీలం పోగు, పసుపు పోగు ఉన్నయి. అమ్మ చెప్తుంటే నా బిడ్డ రాస్తున్నది.